దుప్పి ముట్టని మొక్కల పట్టిక

మా ఎదురింటి మునిరత్నం కొండ కిందున్న ఈ కాలనీలో ఇల్లు కట్టుకొని మూడేళ్ళయింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ తిరుపతి నుంచి తడకు, తడ నుంచి తిరుపతికి నిలబడే తిరిగాననీ, ఇక కూర్చొని పూలచెట్లు చూసుకుంటాననీ ఇంటి ముందు పద్దెనిమిది కుండీల్లో గులాబీలు పెట్టాడు. పోయిన వేసవిలో ఒకరోజు పొద్దున్నే, నేను వరండాలో కాఫీ తాగుతుండగా గేటు తీసుకొని వచ్చి, ఎదురు కుర్చీలో కూలబడ్డాడు.

"పద్దెనిమిది కుండీలు సార్. ఒక్క ఆకు మిగల్లా. టికెట్టు లేకుండా ఎక్కి, తిని, దిగిపోయినాయి."

"ఎన్ని వచ్చినాయి?"

"మా ఆడమనిషి ఐదంటాది. నేను సూసింది ఆఖరిదాన్నే. పోతాపోతా నా తట్టు తిరిగి సూసింది సార్, చిల్లర బాకీ ఉండాను అన్నట్టు."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆయన అసలు సంగతికి వచ్చాడు. "మీరు చిన్నప్పట్నుంచీ డైరీలు రాస్తారంట గదా. దుప్పులు ముట్టని చెట్లు ఏవేవో ఒక పట్టీ రాసియ్యండి సార్. కాలనీలో అందురూ అదే అడగతా ఉండారు. ఆ చెట్లే పెట్టుకుంటాం, వాటి పాటికి అవి పోతాయి, మా పాటికి మేముంటాం."

ఆదివారం నాటికి ఇస్తానన్నాను. కొత్తగా రాయవలసిన పని లేదు. అలాంటి పట్టిక నా దగ్గర ఉంది. దాన్ని నా పదిహేడో ఏట నేనే తయారుచేశాను. అది ఏ డైరీలో ఉందో, ఆ డైరీ ఏ పెట్టెలో ఏ కట్టలో ఉందో వెతక్కుండానే చెప్పగలను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆఫీసులో రికార్డు గది చూసినవాణ్ణి. నా డైరీలన్నీ ఏడాదివారీగా కట్టలు కట్టి, కట్టకొక అట్టముక్క తగిలించి, ఇనప్పెట్టెలో పెట్టుకున్నాను. వాటిని అప్పుడప్పుడూ తీసి ఎండలో పెడతాను. ఆ ఒక్క కట్టను మాత్రం విప్పకుండానే ఎండబెట్టి, విప్పకుండానే తిరిగి లోపల పెడుతూ వచ్చాను.

నాయన మొక్కల నర్సరీలో మేస్త్రీ. ఆ నర్సరీ ఇప్పుడు లేదు. అది ఉన్న చోట రెండు లాడ్జీలు, ఒక స్కానింగు సెంటరు ఉన్నాయి. అప్పుడది ఊరికి చివర, సరిగ్గా కొండ మొదట్లో ఉండేది. నర్సరీకి చివర మా క్వార్టర్సు. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక పెరడు. పెరటికి ముళ్ళకంచె. కంచె దాటితే బలుసు, కలే, సీతాఫలం పొదలు, ఆ పైన రాయి, ఆ పైన ఆకాశం. అమ్మ నా ఐదో ఏట పోయింది. ఆమె ముఖం నాకు గుర్తు లేదు, ఆమె చీరకుండిన గంజి వాసన ఒక్కటి గుర్తుంది. ఆమె తర్వాత ఇల్లు నడిపింది నాయన తల్లి, మా అవ్వ. అవ్వకు మోకాళ్ళు పట్టుకున్నాక నడిపింది అక్క. సరోజక్క నాకన్నా మూడేళ్ళు పెద్ద. తెల్లవారుజామునే లేచి కళ్ళాపి చల్లేది. తడిసిన ఎర్రమట్టి వాసన ముందు గదిలో పడుకున్న నాకు తెలిసేది. అది తెలిసిన కాసేపటికి పొయ్యిలో వావిలి పుల్లల పొగ. ఆ తర్వాత రోట్లో ఊరిబిండి పచ్చడి నూరుతున్న చప్పుడు, వేగిన చెనిక్కాయల వాసన. మధ్యాహ్నం నాయన నర్సరీ నుంచి వచ్చేసరికి సంగటి ముద్ద తట్టలో పొగలు కక్కుతుండేది. నాయన చేతులు ఎంత కడిగినా ఎరువు వాసన పోయేది కాదు. ఆ వాసనతోనే తినేవాడు. అన్నం దగ్గర మాట్లాడేవాడు కాదు.

సాయంకాలం దీపం పెట్టగానే నాయన నర్సరీ రిజిస్టరు తీసేవాడు. ఎన్ని అంట్లు కట్టారు, ఎన్ని బతికాయి, ఎన్ని పోయాయి, ఎవరు నీళ్ళు పెట్టారు. రోజుకు ఐదారు వాక్యాలు. నేను పెద్ద పరీక్ష రాసి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న ఏడాది, వాడని రిజిస్టరు ఒకటి నాకు ఇచ్చి, నువ్వూ రాయి అన్నాడు.

"ఏం రాసేది నాయనా?"

"పొద్దున్నుంచి ఏం జేసినావో అది. నీకేమనిపించిందో అది రాయొద్దు. అనిపించేది రేపటికి మారిపోతాది. జేసింది మారదు."

ఈ మాటను నేను జీవితమంతా పాటించాను. అందువల్ల లాభపడ్డానో నష్టపోయానో ఈ మధ్యే ఆలోచిస్తున్నాను.

ఆ ఏడాది మా ఇంట్లో పెద్ద తగాదా పూల గురించి. అవ్వకు రోజూ పూజ కావాలి. పూజకు పూలు కావాలి. పెరట్లో అక్క పెంచిన మందారాలు, చామంతులు, కనకాంబరాలు మొగ్గ తొడగ్గానే దుప్పులు వచ్చి మేసిపోయేవి. పట్నం వాళ్ళు జింకలంటారు గాని మా వైపు దుప్పి అనే అంటాం. ఒంటి మీద తెల్లచుక్కలుంటాయి. ఎండాకాలం కొండ మీద గుంటలు ఇంకిపోతే నర్సరీ తొట్లలో నీళ్ళకు దిగేవి. నీళ్ళు తాగి ఊరికే పోయేవి కావు. తెల్లవారాక అవ్వ కర్ర పట్టుకొని పెరట్లోకి వచ్చి, మొండి కొమ్మలను చూసి, కొండ వైపు తిరిగి దండకం మొదలుపెట్టేది.

"దేవుడికి పెట్టాల్సింది మీరు తింటే మీకు అరగతాదంటే? కొమ్ములు మొలిసిన దొంగల్లారా."

"అవ్వా, అవీ దేవుడి కొండ నుంచే గదా వచ్చినాయి. ప్రసాదం అనుకో," అనేది అక్క.

"నీ మాటలకేం తక్కువ ల్యా. రేపు నీ మొగుడింటి ముందర పెంచుదువు, మందారాలు. అప్పుడు తెలస్తాది."

అప్పుడే నాకా ఆలోచన వచ్చింది. దుప్పులు అన్నీ తినవు. ఏవి తినవో కనిపెడితే అవే పెట్టవచ్చు. నర్సరీలో లేని మొక్క లేదు. రోజూ సాయంత్రం ఐదు రకాల కొమ్మలు కోసి, పెరటి కంచెకు బయటి వైపు జానెడు ఎడంతో కట్టేవాణ్ణి. తెల్లవారాక పోయి చూసేవాణ్ణి. మొత్తం తినేస్తే ఒక గుర్తు, కొరికి వదిలేస్తే ఒక గుర్తు, ముట్టకపోతే సున్న. ఒక్కో రకాన్ని మూడుసార్లు కట్టాను. మూడుసార్లూ సున్న వస్తేనే పట్టికలోకి ఎక్కించాను. గులాబీ, మందారం, చిక్కుడు, బచ్చలి, మల్లె చిగురు కాడలతో సహా పోయేవి. తులసి, మరువం, దవనం, నిమ్మగడ్డి, వాము ఆకు వాసన చూసి వదిలేసేవి. కలబంద జోలికి పోలేదు. సీతాఫలం ఆకు వాటి దారిలోనే పెరుగుతున్నా ఎన్నడూ ముట్టలేదు. బిళ్ళగన్నేరు, నందివర్ధనం, ఆముదం ముట్టలేదు. అన్నిటికన్నా గట్టి సున్న గన్నేరుది. గన్నేరు కొమ్మ కట్టిన చోట పక్కనున్న గులాబీ కొమ్మను కూడా ఒక రోజు వదిలేశాయి. ఆ సంగతి ఎర్ర సిరాతో రాసుకున్నాను.

నాలుగు నెలలు పట్టింది. పట్టికను తెల్లకాగితం మీద ఎత్తి రాసి నాయనకిచ్చాను. నాయన దాన్ని అన్నం ముందు పెట్టుకొని చదివాడు. అన్నం దగ్గర ఆయన చదవడం, మాట్లాడడం అదే మొదలు. "బాగుండాదిరా," అన్నాడు. మరుసటి రోజు ఆ కాగితాన్ని నర్సరీ ఆఫీసరుకు చూపించాడట. "మా వాడు రాసినాడు సార్" అని చెప్పాడట. ఆఫీసరు మెచ్చుకొని, ఈ పిల్లవాడికి రాతపని ఏదైనా చూద్దామన్నాడట. నాయన ఆ మాటను ఇంట్లో మూడుసార్లు చెప్పాడు. వానలు పడగానే మా పెరటి కంచె పొడవునా గన్నేరు నాటాం. అవ్వకు ఎర్రగన్నేరు పూలు దొరికాయి. దుప్పులు కంచె దాకా వచ్చి తల తిప్పుకొని పోయేవి. ఇంట్లో నేనొక మనిషినయ్యాను.

మరుసటి ఏడాది చలి తగ్గే రోజుల్లో, ఊరకుక్కలు ఒక తల్లి దుప్పిని తరిమి నర్సరీ గేటు దగ్గర చంపేశాయి. దాని పిల్ల నిమ్మగడ్డి మడిలో ముడుచుకొని పడుకుని ఉంది. నాయన గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాడు. పుట్టి వారమై ఉంటుంది. కాళ్ళు చీపురుపుల్లల్లా ఉన్నాయి. అడవి శాఖ వాళ్ళకు కబురు చేస్తే, మేత మేసేదాకా ఉంచండి, తర్వాత వదులుదాం అన్నారు. ఆ రోజుల్లో అంతే. అక్క దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. పాలు ఎలా పట్టాలో ఎవరికీ తెలియలేదు. గుడ్డ ఒత్తి పెడితే తాగలేదు. అప్పుడు అక్క లేచి, అటక మీది పెట్టెలోంచి మా ఉగ్గుగిన్నె తీసింది. చిన్న ఇత్తడి గిన్నె, ముక్కు ఉంటుంది. అమ్మ మా ఇద్దరికీ దానితోనే ఉగ్గు పోసిందట.

అవ్వకు కోపం వచ్చింది. "బిడ్డలకు పోసే గిన్నెతో అడివి జంతువుకు పోస్తావంటే?"

"దీనికీ అమ్మ ల్యా అవ్వా," అంది అక్క.

అవ్వ వక్కాకు సంచి తీసుకొని వాకిట్లోకి పోయి కూర్చుంది.

పిల్లకు చుక్కి అని పేరు పెట్టింది అక్క. మొదట మేకపాలు, తర్వాత పాలల్లో కలిపిన పల్చటి బియ్యపు గంజి. రోజుకు నాలుగుసార్లు. అక్క కింద కూర్చొని, గిన్నె ముక్కు దాని నోట్లో పెట్టి, ఎడమచేత్తో గొంతు కింద నిమిరేది. తాగుతున్నంతసేపూ చుక్కి తోక ఆడుతుండేది. అక్క నీళ్ళకు పోతే నీళ్ళకు, పేడ ఎత్తడానికి పోతే పేడకు వెనకాలే తిరిగేది. అక్క పెరట్లో గుడ్డలు ఉతుకుతుంటే చాకిరేవు బండ పక్కన పడుకునేది. అక్క ఎక్కువ నవ్వే మనిషి కాదు. అవ్వకు మోకాళ్ళు పట్టుకున్నప్పటి నుంచి ఇంటి పని తన నెత్తిన పడ్డ పిల్ల. ఆ మూడు నెలలూ ఆమె వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు కూడా నవ్వడం విన్నాను. చుక్కితో మాట్లాడుతుండేది. ఏం మాట్లాడేదో రాసుకోలేదు.

గన్నేరు కంచె బాగా గుబురెక్కింది. కత్తిరించాలని నాయన చెప్పాడు. కత్తిరించిన కొమ్మలు అదే రోజు కంచె బయట దూరంగా గుంట తీసి పూడ్చెయ్యమని కూడా చెప్పాడు. పచ్చిమీద పశువులు ముట్టకపోయినా, ఎండితే చేదు పోతుందనీ, విషం మాత్రం పోదనీ చెప్పాడు. నేను పగలంతా కత్తిరించాను. మోపులు మోపులు కొమ్మలు పడ్డాయి. పచ్చివి బరువు. రెండు రోజులు ఎండనిస్తే తేలికవుతాయి, ఒక్కసారి మోసేయవచ్చు అనుకొని బండ వెనక కుప్ప వేశాను. చుక్కి పెరట్లోనే తిరుగుతుందన్న సంగతి నాకు గుర్తు రాకపోలేదు. గుర్తు వచ్చింది. దుప్పి గన్నేరు ముట్టదని నా పట్టికలోనే ఉంది కదా అనుకున్నాను. మూడుసార్లు కట్టి మూడుసార్లు చూసి రాసిన సున్న అది.

ఆ సాయంకాలం నాయన రిజిస్టరు రాస్తూ, తల ఎత్తకుండా అడిగాడు. "కొమ్మలు బయట ఏసేసినావా?"

"ఏసేసినా నాయనా."

రేపు వేసేస్తాను కదా అనుకొని చెప్పిన అబద్ధం. రేపు కూడా వేయలేదు.

మూడో రోజు పొద్దున చుక్కి గంజి తాగింది. తాగిన కాసేపటికి నడక తడబడింది. నోట్లోంచి చొంగ కారింది. బండ పక్కన పడిపోయి వణికింది. అక్క దాని తలను ఒళ్ళో పెట్టుకొని నన్ను కేకేసింది. నేను పరుగెత్తుకొచ్చి మొదట చూసింది చుక్కిని కాదు, కుప్పను. వాడిన కొమ్మల్లో ఒక పక్క ఆకులు లేవు. కాడలు మాత్రమే ఉన్నాయి. ఎలా కొరికితే కాడలు అలా మిగులుతాయో నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ జిల్లాలో లేరు. నాలుగు నెలలు నేను చూసింది అవే గుర్తులు. నాయనను పిలుచుకొస్తానని నర్సరీకి పరుగెత్తాను. దారిలో ఆలోచించాను. అడవిలో తల్లి వెంట తిరిగే పిల్ల, తల్లి దేన్ని వాసన చూసి వదిలేస్తే దాన్ని వదిలేస్తుంది. చుక్కి తిరిగింది అక్క వెంట. అక్క గన్నేరు పూలు కోసి బుట్టలో వేసుకుంటుంటే చూసింది.

నాయన వచ్చేసరికి అయిపోయింది. ఆయన గొంతుక్కూర్చొని చుక్కి కడుపు తడిమాడు. ఉబ్బి ఉంది. పక్కనే ఉగ్గుగిన్నె. అడుగున గంజి గడ్డకట్టి ఉంది.

"ఈ పొద్దు గంజి సిక్కగా కాసినావా అమ్మా?" అన్నాడు. తిట్టలేదు. మెల్లగానే అడిగాడు.

"ఆకలిగా ఉన్నట్టుందని... రెండు పిడికిళ్ళు ఎక్కువ ఏసినా నాయనా."

"అదే. కడుపుబ్బింది. పసిది గదా, పట్టలేదు. పోనీలే. నీకు మాత్రం ఏం తెలుసు."

నేను అక్కడే, బండకు ఈవల, నాయనకూ కుప్పకూ మధ్య నిలబడి ఉన్నాను. కాదు నాయనా అనడానికి ఎంతసేపు పడుతుంది. అంటే, మొన్న చెప్పింది అబద్ధమని తెలుస్తుంది. ఆఫీసరు మెచ్చుకున్న పట్టికను నమ్మి చేశానని తెలుస్తుంది. నాయనా అక్కా చుక్కిని పూడ్చిపెట్టడానికి కొండ వైపు పోయినప్పుడు కుప్పకు నిప్పు పెట్టాను. ఏందిరా ఆ పొగ అని లోపలి నుంచి అవ్వ దగ్గుతూ అడిగింది. చెత్త అవ్వా అన్నాను. ఆ రోజు డైరీలో రెండు వాక్యాలున్నాయి. "చుక్కి చనిపోయింది. గన్నేరు కొమ్మలు కాల్చాను." నాయన చెప్పినట్టే, చేసింది మాత్రం రాశాను.

ఆ ఏడాదే అక్కకు రేణిగుంటలో సంబంధం కుదిరింది. బావ రైల్వేలో పని చేసేవాడు, మంచివాడు. అక్క సామాను సర్దుకున్నప్పుడు అవ్వ ఉగ్గుగిన్నె తెచ్చి, తీసుకుపో, రేపు నీ బిడ్డకు పనికొస్తుంది అంది. ఈడే ఉండనీ అవ్వా అంది అక్క. మొదటి బిడ్డ అన్నప్రాసనకు మేమంతా పోయాం. పాయసం గిన్నె, బంగారపు ఉంగరం ముందు పెట్టుకొని బిడ్డను తల్లి ఒళ్ళో కూర్చోబెట్టబోతే అక్క లేచి నిలబడింది.

"మీది మంచి చెయ్యి అత్తా. మీరే పెట్టండి."

"అదేందమ్మా, కన్నతల్లివి నువ్వుండంగా?"

"మీరే పెట్టండి."

రెండు చేతులూ కొంగులో చుట్టుకొని గోడకు ఆనుకొని నిలబడింది. రెండో బిడ్డకూ అంతే. ఆ తర్వాత మనవలకు, పోయిన ఏడాది మనవరాలి బిడ్డకు కూడా. ఎత్తుకుంటుంది, స్నానం పోస్తుంది, జోల పాడుతుంది. పసిబిడ్డ నోటికి తన చేత్తో ఏదీ అందించదు. ఆమెకు పొగరని ఒకరు, చాదస్తమని ఒకరు, బిడ్డలంటే రోతేమో అని ఒకరు అనడం నా చెవులతో విన్నాను. ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను. ప్రతిసారీ డైరీలో, అన్నప్రాసన బాగా జరిగింది, పాయసంలో జీడిపప్పు ఎక్కువైంది, అని ఇలాంటివే రాసుకున్నాను. నాకు అర్థం కాలేదని ఇప్పుడు చెబితే అది ఇంకో అబద్ధం.

మునిరత్నం అడిగిన పట్టిక కోసం ఆ కట్ట విప్పాను. పట్టిక ఉన్న పేజీలో సున్నలన్నీ గుండ్రంగా, ముద్దుగా ఉన్నాయి. తర్వాతి డైరీలో ఆ రెండు వాక్యాలూ ఉన్నాయి. మరుసటి రోజు డైరీని, ఉగ్గుగిన్నెను చేతిసంచిలో పెట్టుకొని బస్సెక్కి రేణిగుంట పోయాను. ఎలా చెప్పాలో బస్సులో మూడు అంశాలుగా సర్దుకున్నాను. అక్క వరండాలో చాప మీద కూర్చొని మునగాకు దూస్తోంది. బావ పోయాక ఆమె ఇంకా చిన్నదైపోయినట్టు కనబడుతుంది.

"ఏం మణీ, ఇంత ఎండలో బయల్దేరినావే. ఫోను జేసుంటే మా అల్లుడు బండేసుకొని వచ్చుండు గదా. యాడికన్నా పోతే ముందు నీ డైరీని అడిగి బయల్దేరతావే, ఈ పొద్దు అడగలేదా?"

"అదే తీసుకొచ్చినా అక్కా."

అద్దాలు దగ్గర లేవంది. నేనే చదివి వినిపించాను. రెండు వాక్యాలే.

"ఏ కొమ్మలు?" అంది.

చెప్పాను. కండక్టరు మునిరత్నం పట్టీ అడిగిన సంగతి, కుప్ప సంగతి, రెండు రోజులు ఆగిన సంగతి, నాయనకు చెప్పిన అబద్ధం, మిగిలిన కాడలు, పొగ. సర్దుకున్న మూడు అంశాల్లో ఒక్కటీ రాలేదు. అక్క చేతులు ఆకు దూస్తూనే ఉన్నాయి. రెండు కాడలు పూర్తయ్యాక ఆగాయి.

"అంటే గంజి కాదా?"

"కాదక్కా."

స్టేషను వైపు నుంచి గూడ్సు బండి ఒకటి పోయింది.

"నాయన పోయే ముందర నన్ను దగ్గరికి పిలిసినాడు. గంజి సంగతి మనసులో పెట్టుకోవద్దమ్మా, నువ్వు తెలిసి జేసింది కాదు అన్న్యాడు. నువ్వు మంచం కాడే ఉన్న్యావు."

"ఉన్నానక్కా."

"అప్పుడన్నా ఎందుకు జెప్పల్యా?"

"పట్టిక తప్పంటారని." నోట్లోంచి వచ్చిన మాట అదే. నిజమూ అదే.

"పట్టిక," అంది అక్క. ఆ ఒక్క మాట అని నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో లేదో రాయడానికి నాకు చేతకాదు. అనిపించేది రాయడం నేను నేర్చుకోలేదు.

సంచిలోంచి గిన్నె తీసి చాప మీద పెట్టాను. ఆమె దాన్ని ఎత్తి, తిప్పి చూసి, కింద పెట్టింది. లోపలికి పోయి కాఫీ తెచ్చి ఇచ్చింది. కాఫీ తాగాను. నేను వచ్చేటప్పుడు ఎప్పుడూ గేటు దాకా వచ్చి, మళ్ళీ ఎప్పుడొస్తావురా అంటుంది. ఆ రోజు లేవలేదు. గిన్నెను తీసుకుపొమ్మని కూడా అనలేదు.

పదకొండు రోజులు ఫోను రాలేదు. ప్రతిరోజూ డైరీలో, అక్క ఫోను చేయలేదు, అని రాశాను. మునిరత్నం గేటు దగ్గర కనబడ్డప్పుడల్లా, సార్ పట్టీ అంటాడు, రేపు అంటాను. పొద్దున్నే వరండాలో కూర్చొని దుప్పులను చూస్తుంటాను. ఆ రోజుల్లో అవి నీళ్ళ కోసం ఒక్క దీపం లేని దారిలో దిగేవి. మనిషి దగ్గితే కొండ మీదికి పరుగు తీసేవి. ఇప్పుడు వీధిదీపాల కిందే, కుక్కల కోసం పెట్టిన ప్లాస్టిక్ బేసిన్లలో నీళ్ళు తాగి, పారేసిన విస్తరాకులు నమిలి, మోటారు సైకిలుకు దారిచ్చి పక్కకు నిలబడుతున్నాయి. వాటి పిల్లలు తల్లుల దగ్గర ఇప్పుడేం నేర్చుకుంటున్నాయో తెలియదు. అప్పుడు మా ఒక్క ఇల్లే వాటి దారిలో ఉండేది. ఇప్పుడు వాటి దారంతా ఇళ్ళే. అవ్వ లేదు, నాయన లేడు. వాళ్ళున్న రోజుల్లో సంగతులన్నీ నా కట్టల్లో తేదీలతో సహా ఉన్నాయి. అక్క చుక్కితో ఏం మాట్లాడేదో అందులో లేదు. దాన్ని ఎక్కడ పూడ్చారో కూడా లేదు. ఆ రోజు నేను వాళ్ళతో పోలేదు కదా.

పన్నెండో రోజు పొద్దున ఫోను మోగింది.

"మణీ, ఆ కండక్టరుకు పట్టీ ఇచ్చినావా?"

"ఇంకా లేదక్కా."

"దాంట్లో గన్నేరు రాసినావా?"

"రాయలేదు. తీసేసినా."

"తీసేస్తే ఎట్ల? వాళ్ళు ఎట్లాగూ పెడతారు, ఊరంతా ఉండాది గన్నేరు. రాయి. దుప్పి ముట్టదని రాసి ఊరుకోవాకు. తల్లి ఎంబడి తిరిగిన దుప్పి ముట్టదని రాయి. తల్లి లేనిదానికి తెలీదని రాయి. కొట్టేసిన కొమ్మ ఎండితే చేదు పోతాది, విసం పోదు, ఆ పొద్దే పూడ్చాలని రాయి. నీ అక్షరాలు బాగుంటాయి గదా, అందురికీ అర్థమయ్యేటట్టు రాయి."

"రాస్తానక్కా."

ఫోను పట్టుకొనే పట్టిక కాగితం ముందుకు లాక్కున్నాను.

"గిన్నె కిలుం పట్టి ఉన్న్యాది. చింతపండేసి తోమినా," అంది. ఇంకేమైనా అంటుందని చూశాను. ఫోను పెట్టేసింది.

ఆ సాయంకాలం పట్టిక పూర్తి చేసి ఎదురింటికి తీసుకుపోయాను. మునిరత్నం మెట్ల మీద కూర్చొని, వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుకున్నాడు. తులసి, నిమ్మగడ్డి, కలబంద, సీతాఫలం. చివరికి వచ్చి ఆగాడు. "మిగతావాటికి ఒక్కొక్క ముక్క రాసి, గన్నేరుకు ఇంత రాసినారే సార్?" అన్నాడు. చదవండి అన్నాను. చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చి డైరీ తీశాను. జరిగిపోయిన రోజు పేజీని దిద్దకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. అందుకని ఆ పాత పేజీ జోలికి పోలేదు. రాస్తున్న రోజు తేదీ కిందే రాశాను: నేను పెరట్లో వదిలిన గన్నేరు కొమ్మలు తిని చుక్కి చనిపోయింది, అక్క పోసిన గంజి వల్ల కాదు.